విప్పేస్తే మళ్ళా కైలీనే

నిన్న పొద్దున అంగడి తెరిచి, దేవుడి పటానికి ఊదుబత్తి తిప్పుతూ ఉండగా జేబులో ఫోను గురగురమంది. సముద్రాలకవతల, ఎండ అనేదాన్ని బొమ్మల్లో మాత్రమే చూసే ఏదో చలిదేశం నుంచి ఒకామె అడుగుతోంది: “బంగారూ, ఆ నీలంగళ్ళ గౌను ఇంకా వేసుకోలేదా? రేపే వేసుకుంటానంటివి! నీ ఒంటిమీద ఎప్పుడు చూస్తామా అని ఇక్కడ అందరం కాచుకుని ఉన్నాం.”

బంగారు అంటే నేనే. వయసు యాభై దాటింది. వేలూరు బజారులో బొత్తాలు, జిప్పులు, లేసులు, దారపుకండెలు అమ్ముకుంటాను. నా పొట్ట నాకంటే అర నిమిషం ముందు అంగట్లోకి వస్తుంది, మీసం దానికంటే ముందు. ఆ నీలంగళ్ళ గౌనులోకి నన్ను దూర్చాలంటే నలుగురు వస్తాదులు, ఒక డబ్బా కొబ్బరినూనె, బయట సిద్ధంగా ఒక ఆంబులెన్సు కావాలి.

ఇందులో ఆమె తప్పేమీ లేదు. పాతకాలపు మోస్తరు గౌన్లను ఇంట్లో సొంతంగా కుట్టుకునే ఆడవాళ్ళ గుంపు ఒకటి ఫోనులో ఉంది. మన తాతల కాలంలో దొరసానులు వేసుకున్న రకం: చీమకు ఉండాల్సిన నడుము, గంటలాగా విచ్చుకున్న పావడా, బూరెల్లా పొంగిన బుట్టచేతులు. భూమ్మీద సూదిలో దారం ఎక్కించగలిగిన ప్రతి ఆడమనిషీ అందులో ఉంది. ఒకామె కుట్టి ఫోటో పెడుతుంది, మిగిలిన లోకమంతా మూర్ఛపోతుంది. ఒక కాలరు చూసి వాళ్ళు పెట్టే కన్నీళ్ళు మా వైపు పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడు కూడా ఎవరూ పెట్టరు.

నేను అందులో చేరింది వ్యాపారానికి, లోకంలో ఏ బొత్తానికి గిరాకీ ఉందో కనిపెట్టడానికి. నా మొహం బదులు ఎర్ర దారపుకండె బొమ్మ పెట్టాను. ఆ కండెను చూసి నన్ను సన్నగా, పొడుగ్గా, నవ్వితే బుగ్గన సొట్ట పడే పిల్ల అనుకున్నారు. గౌన్లు కుట్టింది నేను కాదు. గుడియాత్తంలో ఉండే మా అక్క. చిన్నాన్న కూతురు. ఆమె కుట్టి ఫోటో పంపేది, నేను గుంపులో పెట్టేవాణ్ణి, వాళ్ళు ఇంగ్లీషులో మూర్ఛపోతే ఆ మూర్ఛను తెలుగులోకి మార్చి ఆమెకు వినిపించేవాణ్ణి.

ఆమె పోయి ఒక వానాకాలం గడిచిపోయింది. గుంపులో ఇంకా చెప్పలేదు. ఏమని చెప్పాలి? బంగారు చచ్చిపోయింది, కాని అంగడి తెరిచి ఊదుబత్తి తిప్పుతోంది అనా?

అక్క నోటినిండా గుండుసూదులు పెట్టుకుని మాట్లాడేది. పెదాల మధ్య అవి వరసగా మెరుస్తుంటే ముళ్ళపంది ముద్దుగా నవ్వినట్టుండేది. సూదులు లేనప్పుడు కూడా పెదాల్ని అదే వాటంలో బిగించి మాట్లాడేది కాబట్టి, కొత్తవాళ్ళు ఈమె ఎందుకో కోపంగా ఉందనుకుని క్షమాపణ చెప్పి పోయేవాళ్ళు. గుడ్డను చేత్తో కాదు, చెవితో చూసేది. చెవి దగ్గర పెట్టుకుని నలిపి, కళ్ళు మూసుకుని, “ఇది ఉత్త గంజి గొంతు రా, రెండు ఉతుకులకి పోతాది” అని తీర్పు చెప్పేది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

తెలుగు మాట తప్ప తెలుగు అక్షరం రాదు ఆమెకు. బళ్ళో చదివిందంతా అరవం. మా ఇళ్ళలో చాలామంది అంతే. ఈ రాస్తున్నది ఆమె బతికున్నా చదవగలిగేది కాదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

గౌన్ల పిచ్చి ఎప్పుడు పట్టిందంటే, ఆమె రవికకు హుక్కులు కొనడానికి నా అంగడికి వచ్చిన ఒక మధ్యాహ్నం. నేను ఫోను చూస్తున్నాను.

“ఏం చూస్తాండావు రా, అంత నోరు తెరుచుకోని?”

“గౌను అక్కా. ఊరంత జనం మెచ్చుకోనుండారు చూడు.”

ఫోను లాక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, చివరికి గౌను పోయి ఉత్త గళ్ళు మిగిలేదాకా పెద్దది చేసింది.

“రేయ్ నాయనా,” అంది మెల్లగా. “ఇది మా అంగట్లో కింది అరలో ఉండే కైలీ గదరా!”

లుంగీని మా వైపు కైలీ అంటాం. బావకు గుడియాత్తం బజారులో కైలీల అంగడి. ఆ ఊళ్ళో నేసే కైలీలను పరుచుకుంటూ పోతే చంద్రుడిదాకా వెళ్ళి, అక్కడ ఒక మడత వేసి, పక్కూరు అణైకట్ మీదుగా ఇంటికి తిరిగి రావచ్చు. ప్రపంచంలోని మగవాళ్ళ మానం గుడియాత్తం దయ మీదే నిలబడి ఉందని బావ నమ్మకం. దొరసానమ్మలు పాతకాలపు గళ్ళని ప్రాణం పెట్టే గుడ్డా, బావ కట్టలు కట్టి మోపెడ్ల మీద పంపే గుడ్డా కవలపిల్లలు.

“దీన్ని కుట్టి ఒంటికి ఏసుకుంటారా?”

“ఆ.”

“ఏసుకోని వీధిలో పోతారా?”

“దర్జాగా పోతారు. జనం తిరిగి తిరిగి చూస్తారు.”

హుక్కులు కొనడం మరిచిపోయి వెళ్ళిపోయింది.

కైలీతో గౌను కుట్టడానికి ఆమె ఒక పద్ధతి కనిపెట్టింది. అది ఆమె తప్ప, బావ లాంటి వ్యాపారిని కట్టుకున్న మనిషి తప్ప, ఇంకెవరూ కనిపెట్టరు. పావడాకు కత్తెర పెట్టదు. రెండు కైలీలను కొసకు కొస కలిపి, నడుము దగ్గర కుచ్చులు పోసి, అడుగున మిగిలిన గుడ్డనంతా కొయ్యకుండా లోపలికి మడిచి పైపైన కుట్టేది. ఆ మడత బరువుకు, గంజి బిగువుకు పావడా గంటలాగా నిలబడేది. గుంపులో దాని మీద పెద్ద సభే జరిగింది. ఈ బంగారు లోపల ఏ తీగ పెడుతోంది, ఏ వల పెడుతోంది అని. లోపల ఉన్నది బావ సరుకు పాడవుతుందేమోనన్న భయం, అంతే.

“కత్తెర పెడితే అది ఇంగ కైలీ కాదు. గౌనూ కుదరలేదనుకో, ఏమీ కాదు,” అనేది. “కుట్టే గదా. విప్పేస్తే మళ్ళా కైలీనే.”

రవిక భాగానికి మాత్రం కత్తెర తప్పదు కనక, దానికి నేతలో పోగు తప్పి పక్కన పడేసిన కైలీ వాడేది.

విప్పేస్తే మళ్ళా కైలీనే అన్న మాటను ఆమె గౌను దగ్గర ఆపలేదు. సాంబారులో ఉప్పెక్కువైనా, వియ్యంకుడు అలిగినా, కొత్తగా కట్టిన మేడగోడ నెర్రెలిచ్చినా అదే మాట. ఒకసారి, “పెండ్లి గూడా అంతేనా అక్కా?” అన్నాను. నోట్లోంచి ఒక సూది తీసి నా చేతికి గుచ్చింది. అది జవాబు.

ఫోటోకు గౌను దేనికి తొడగాలి? బావ అమ్మేది కైలీలు, అంగట్లో బొమ్మలెందుకుంటాయి? ఇంట్లో నీళ్ళ క్యాన్‌ను తిరగేసి స్టూలు మీద పెట్టి దానికి తొడిగేది. ఆ ప్లాస్టిక్ క్యాన్‌కు మధ్యలో నొక్కు ఉంటుంది కదా, అదే నడుము. తలా చేతులూ లేని ఆ సుందరి గుంపులో ఎంత పేరు తెచ్చుకుందంటే, అలాంటి ఆకారం ఎక్కడ దొరుకుతుందని నన్ను ఎనిమిది దేశాలవాళ్ళు అడిగారు. ఖాళీ క్యాన్ తిరిగి ఇవ్వలేదని నీళ్ళబండివాడు మాత్రం రోజూ తిట్టేవాడు.

ఫోటో పెట్టిన మర్నాడు అక్క ఫోను చేసేది. మధ్యాహ్నం, బావ కునుకు తీసే వేళ. గొంతు తగ్గించి, “ఏమంటాండారు?” అనేది.

“ఒకామె గుండె ఆగిపోయినాదంట అక్కా. ఇంకొకామె చచ్చిపోయినానని రాసింది.”

“అయ్యయ్యో! ఏమయినాది పిల్లకి?”

“నీ కాలరు చూసి. వాళ్ళు అట్లనే మెచ్చుకుంటారు.”

“మెచ్చుకునేదానికి చావాల్నా! బాగుండాదని రాస్తే చాలదా?” అని విసుక్కునేది. తర్వాత, “ఇంగా ఎవురెవురు చచ్చినారు, చదువు” అనేది.

కుట్టిన గౌనును కైలీ మడతలో మడిచి అంగట్లో అర అడుగున దాచేది. వెయ్యి కైలీల్లో ఇంకొక కైలీని ఎవడు వెతుకుతాడు? కాని ఒకసారి ఒడుగత్తూరు నుంచి వచ్చిన బేరగాడు అడుగు నుంచే ఒకటి లాగాడు. బుట్టచేతులు రెండూ కిందికి వేలాడాయి. బేరగాడు చేతులున్న కైలీని జన్మలో చూసి ఉండడు, రెండడుగులు వెనక్కి వేశాడట. బావ దాన్ని తీసుకుని, చేతులు లోపలికి దోపి, నెమ్మదిగా మడిచి, “అది శాంపిలప్పా, అమ్మేది కాదు” అని అక్కడే పెట్టాడు. లోపలి గదిలోంచి అక్క ఇదంతా చూస్తూనే ఉంది. ఆ తర్వాత దాని గురించి ఆయన ఒక్క మాట అడగలేదు, ఈమె ఒక్క మాట చెప్పలేదు.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ గుంపులో ఒక ఆచారం ఉంది. గౌను కుట్టినామె దాన్ని తొడుక్కుని, బయట వెలుతుర్లో నిలబడి ఫోటో పెట్టాలి. అప్పుడే అది గౌను కింద లెక్క. క్యాన్ సుందరితో వాళ్ళు కొన్నాళ్ళు సరిపెట్టుకున్నారు. తర్వాత మొదలుపెట్టారు: బంగారూ, నువ్వెప్పుడు వేసుకుంటావు?

నేను ఆ ప్రశ్నను అక్కకు దాటించాను.

“నాకు మాత్రం ఆశ లేదా?” అంది. “మా బజారులో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒక్క తూరి నడవాల. ఎవురన్నా ఒక్కరు తిరిగి చూడాల. నగేదానికి కాదు రా, చూసేదానికి.”

“నడువు మరి. ఎవురడ్డం?”

“మొగోళ్ళ కైలీ చుట్టుకోనుండాదంటారు. వేరే గుడ్డయితే షోకంటారు, పోతే పోనీ. ఇది చూస్తే కడుపు పట్టుకోని నగుతారు.”

“అయితే వేరే గుడ్డతో కుట్టుకో.”

“వేరే గుడ్డ నాదెట్లయితాది?”

ఇదీ ఆమె ఇరుక్కున్న సందు. ఆ గౌను వేసుకుని భూగోళంలో ఏ ఊళ్ళోనయినా మహారాణిలాగా నడవచ్చు, ఒక్క ఊళ్ళో తప్ప. నడవాలని ఉన్నది ఆ ఒక్క ఊళ్ళో.

నాకు తోచిన ఉపాయం వేలూరు పక్కనున్న కాట్పాడి. ముందు అక్కడ నడిచి భయం పోగొట్టుకుంటే బజారు తర్వాత అన్నాను. “కాట్పాడి టేషన్లో ఎవురూ ఎవుర్నీ చూడరక్కా. యూనివర్సిటీ పిల్లకాయలు చిరిగిన ప్యాంట్లేసుకోని తిరుగుతాంటారు. ఆడ రైలింజనే గౌనేసుకోని వచ్చినా జరిగి దారిస్తారు.”

వారమంతా వస్తాను, రాను అని చెప్పి చెప్పి చివరికి ఒక ఉదయం ప్యాసింజరుకు వచ్చింది. గౌను లోపల, చీర పైన. రైల్లోంచి దిగింది అక్క కాదు, తిరునాళ్ళ తేరు. గంజి పెట్టిన పావడా మీద చీర చుట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తలుపులోంచి పక్కకు తిరిగి, ఒక చేత్తో తనను తాను అదుముకుంటూ దిగింది.

“కూర్చునేదానికి లేదు రా. గుడియాత్తం కాడ్నుంచి నిలబడుకోనే వచ్చినా.”

“ఎవురన్నా ఏమన్నా అడిగినారా?”

“ఒకామె పక్కకి జరిగి సీటిచ్చి, ఎన్నో నెలమ్మా అనింది. మనవడు బడికి పోతాండాడు, ఈ వయసులో నన్ను!”

ఆడవాళ్ళ వెయిటింగ్ రూములోకి వెళ్ళింది. చెన్నైకి పోయే బండి ఒకటి వచ్చి పోయింది. బెంగుళూరు బండి వచ్చి పోయింది. లోపల ధైర్యం కుట్టుకుంటోంది కాబోలు అనుకున్నాను. అప్పుడు వచ్చింది.

దీన్ని నేను పెద్దది చేసి చెప్పలేను. నీలం, తెలుపు గళ్ళు. తెల్ల కాలరు. నడుముకు అదే గుడ్డ పట్టీ. కాళ్ళకు రోజూ వేసుకునే రబ్బరు చెప్పులు, తలలో పొద్దున పెట్టుకున్న కనకాంబరాలు. పిక్కలకు గాలి తగలడం అలవాటు లేక, చన్నీళ్ళలోకి దిగుతున్న మనిషిలాగా అడుగులు వేస్తోంది. పెదాలు వదులుగా ఉన్నాయి. ఆమె పెదాలు వదులుగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

నడిచింది. చెవుల్లో తీగలు పెట్టుకున్న ఒక కాలేజీ పిల్ల ఎదురొచ్చి, దాటిపోయి, ఆగి, వెనక్కి తిరిగింది. “ఆంటీ, డ్రెస్ సూపర్!” అని చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

“చూసినాది రా!” అంది అక్క, నా చెయ్యి పట్టుకుని. “తిరిగి చూసినాది!” ఆ క్షణంలో ఆమె జానెడు పొడుగైందని ఒట్టేసి చెప్తాను.

“టీ అంగడిదాకా పోదాం,” అంది. నా చెయ్యి వదిలేసి ముందు నడిచింది.

టీ అంగడి పక్కన బెంచీ ఉంది. బెంచీ మీద ఒక పెద్దాయన, ఆయన భార్య, వాళ్ళ సంచులు, వాళ్ళ బంధువులు. పెద్దాయన కట్టుకున్నది అదే కైలీ. అదే నీలం, అదే గళ్ళు, అదే అంచు. ఈ జిల్లాలో ప్రతి మూడో మగవాడూ ఏదో ఒక గుడియాత్తం కైలీలో ఉంటాడన్న సంగతి, బొత్తాలు అమ్మేవాడికీ కైలీలు అమ్మేవాడి పెళ్ళానికీ ఇద్దరికీ తట్టలేదు!

పెద్దాయన మొహం విప్పారింది. పరదేశంలో సొంత అన్నదమ్ముడు కనిపించినట్టు లేచి నిలబడ్డాడు.

“అడడా! ఏమ్మా, ఇది మన గుడియాత్తం కైలీ గదా?”

తన కైలీ కొస పట్టుకుని అక్క పావడా పక్కన పెట్టి సరిచూసుకున్నాడు. గడికి గడి కలిసింది. భార్య వైపు తిరిగి కేకేశాడు. “ఏమే, ఈడ చూడు! ఆడోళ్ళకి గూడా కైలీ వచ్చేసినాది!”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బెంచీ మొత్తం నవ్వింది. అందులో చెడ్డతనం ఇసుమంత లేదు. ఉంటే నేను మీసం తిప్పి కాట్పాడి జంక్షన్‌ను తలకిందులు చేసేవాణ్ణి.

“తప్పుగా అనుకోవద్దమ్మా, నల్లా ఉండాది, శానా బాగుండాది,” అన్నాడాయన మనస్ఫూర్తిగా. “గాలి బాగా ఆడతాది, గదా?”

“ఆడతాది పెద్దాయనా,” అంది అక్క.

“బజారులో మూల అంగట్లో తీసుకున్నా నేను. మీరు యాడ తీసుకుంటిరి? … మిమ్మల్ని ఏడనో చూసినట్టుండాదే.”

ఆ మూల అంగడి బావది. అక్క పెదాలు బిగుసుకున్నాయి, సూదులు లేకుండానే. వెనక్కి తిరిగి వెయిటింగ్ రూములోకి నడిచింది. ఈసారి బండ్లేవీ రాకముందే చీరతో బయటికి వచ్చింది. గౌను చేతిసంచిలో ఉంది.

గుడియాత్తం వైపు బండి కోసం కూర్చున్నాం. ఇప్పుడు ఆమె కూర్చోగలదు.

“పెద్దాయన మంచోడు,” అంది. “కైలీని కైలీ అనినాడు, ఆయన తప్పేముండాది?”

“ఆ పిల్ల తిరిగి చూసింది గదక్కా.”

“చూసినాది. ఆ పిల్లకి కైలీ తెలీదు రా. తెలిసినోళ్ళు ఇంగోరకంగా చూడలేరు.” సంచి మీద చెయ్యి వేసి సర్దింది. “పోనీలే. విప్పేస్తే మళ్ళా కైలీనే.”

విప్పలేదు. మళ్ళీ వేసుకోలేదు. కొత్తది ఒక్కటీ కుట్టలేదు. గుంపువాళ్ళు అడుగుతూనే ఉన్నారు, నేను దాటిస్తూనే ఉన్నాను. “చూద్దాంలే నాయనా” అనేది. మధ్యాహ్నం ఫోన్లు తగ్గిపోయాయి.

మా వేలూరు పెద్దాసుపత్రికి దేశంలోని రోగాలన్నీ ఎక్స్‌ప్రెస్ బండ్లెక్కి వస్తాయి. అక్కది ప్యాసింజరులో వచ్చింది, కడుపునొప్పి అనే మారుపేరుతో. వచ్చేసరికి డాక్టర్లు చెయ్యగలిగింది తక్కువ, రాయగలిగింది ఎక్కువ. నేను చూడబోతే మంచం మీద, వెనక దారాలు కట్టే ఆసుపత్రి గౌనులో కూర్చుని ఉంది.

“చూస్తివా,” అంది నన్ను చూడగానే. “చివరికి గౌనేసుకోని వేలూర్లో అందరి ముందర తిరుగుతాండా. ఎవురూ నగలా.”

నవ్వాను. నవ్వక చస్తానా?

“ఎవురు కుట్టినారో దీన్ని, చేతులు కట్టెయ్యాల. ఆ భుజం అతుకు చూడు, ఏడస్తాండాది.” గుడ్డను చెవి దగ్గరికి తీసుకుని నలిపింది. తీర్పు ఏమీ చెప్పలేదు. నడుము మీద చెయ్యి వేసుకుంది. “గుంపులో పిల్లల నడుమాయె నాకు. ఇప్పుడు నీలంది ఏసుకుంటే జారి కింద పడతాది.”

“కుచ్చులు బిగించుకుంటే సరిపోతాది గదక్కా.”

“దేనికి?” అంది.

నేను లేవబోతుంటే పిలిచింది.

“గుంపులో ఏమంటాండారు?”

“ఎప్పుడు ఏసుకుంటావంటాండారు.”

“రేపు ఏసుకుంటానని పెట్టు. పాపం, ఎన్నాళ్ళని కాచుకుంటారు.”

పెట్టాను. గుంపంతా గంతులేసింది. ఒకామె సంతోషంతో చచ్చిపోయానని రాసింది. వారం తిరక్కుండా అక్క ఆ పని నిజంగా చేసింది.

అందుకే నిన్న ఆ ప్రశ్న వచ్చాక ఊదుబత్తి గుచ్చేసి, అంగడి మూసి, గుడియాత్తం బస్సెక్కాను. బావను అడిగి నీలంగళ్ళ గౌను తీసుకుని, క్యాన్ సుందరికి కడసారి తొడిగి, వెలుతుర్లో ఫోటో తీసి, జరిగింది రాసేద్దామని. బస్సులో ఇంగ్లీషు మాటలు కూర్చుకుంటూనే పోయాను.

బావ అంగడి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏం కట్టుకున్నాడో నేను చూడలేదు. గుడియాత్తంలో కైలీ కట్టుకున్న మనిషిని ఎవరు చూస్తారు?

“బావా, అక్క కుట్టిన నీలంగళ్ళది… ఆ శాంపిలు… ఒక దినానికి ఇస్తావా?”

ఆయన నన్ను చూసి, తన మోకాళ్ళ మీది గుడ్డను అరచేత్తో నిమిరాడు.

“ఇదే గదప్పా.”

అప్పుడు చూశాను. నడుము దగ్గర ఒక కొస నుంచి ఇంకొక కొసదాకా సన్నగా సూది బెజ్జాల వరస. అడుగున జానెడు మేర, మడతలో దాగి వెలుతురు తగలని చోట, ముదురు నీలం పట్టీ. మిగతాదంతా కాస్త వెలిసింది.

“కత్తెర పెట్టలేదు,” అన్నాడు. “ఆమె గుండుసూదితోనే ఒక్కొక్క కుట్టూ విప్పినా. చాన్నాళ్ళు పట్టినాది. కండ్లు కనిపించవు గదా నాకు. ఆమె ఎప్పుడూ చెప్తానే ఉండె, విప్పేస్తే మళ్ళా కైలీనే అని. ఆమె చేత్తో మడిచిన గుడ్డ, అరలో మగ్గబెట్టేదానికి మనసు రాలేదు. రెండొచ్చినాయి. ఇంగొకటి ఉతికి ఆరేసినా.”

“పైభాగం బావా? రవిక, చేతులు?”

“అది విప్పితే ఏమీ కాదప్పా. ముక్కలే. దిండులో పెట్టుకున్నా.”

బస్సులో కూర్చుకున్న ఇంగ్లీషంతా యాడికి పోయిందో పోయింది.

“కాట్పాడిలో ఏసుకున్నాదంట గదా,” అన్నాడాయన, వీధి వైపు చూస్తూ. “ఆసుపత్రిలో చెప్పినాది.”

“ఏసుకుంది బావా.”

“నాకు చూపించలా. నేనూ అడగలా. శాంపిలన్నా గదా, ఆ మాటకే కట్టుబడి గమ్మునుంటి. ఒక దినం తనే ఏసుకోని వచ్చి ముందర నిలబడుకుంటాది, అప్పుడు చూద్దామని.” మోకాలి మీది మడత సర్దుకున్నాడు. “నువ్వు చూస్తివి గదా. ఎట్లుండినాది?”

ఒక బొత్తం గురించి గంటసేపు చెప్పగలిగిన మనిషిని నేను. చీమను చూపించి ఏనుగు అని అమ్మగలిగినవాణ్ణి. నోరు తెరిచాను.

“బాగుండింది బావా,” అన్నాను.

ఇంకా ఏదన్నా వస్తుందేమోనని ఆయన చూశాడు. రాలేదు. తల ఊపాడు.

“టీ తాగుదాం రా,” అని లేచాడు. కైలీ దులుపుకుని, ఆ సూది బెజ్జాల వరస నడుము మీదికి వచ్చేట్టు బిగించి కట్టుకున్నాడు. ఆయన వాడుకగా తాగే టీ అంగడి బజారుకు ఇంకో చివర ఉంది.

ఆయన ముందు, నేను వెనక. నడి ఎండ. పూలమ్మేవాళ్ళు, ఇనుపసామాన్ల అంగళ్ళవాళ్ళు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు, హారన్ మీదనుంచి చెయ్యి తియ్యని ఆటోలు. నేను ప్రతి మొహమూ చూస్తూ నడిచాను. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా బజారంతా నడిచింది అక్క గౌను. ఒక్కరూ తిరిగి చూడలేదు.